వేలిముద్ర పడకపోతే బియ్యం ఆపకూడదు

"ఇంకో వేలు పెట్టమ్మా..." పది వేళ్లూ అయిపోయాయి. ఇవాళ రేషన్ షాపులో, ఈ-పాస్ మిషన్ మీద మళ్లీ ఎర్రర్ నంబరు 300.

ఆ నంబరు చూడండి. 300 అంటే ముద్ర ఆధార్‌లో ఉన్నదానితో కలవలేదని. 330 అయితే ఆధార్‌లో బయోమెట్రిక్ (వేలిముద్ర, కంటి గుర్తులు) లాక్‌లో ఉంది, ముందు దాన్ని తీయించాలి. సిగ్నల్ లేకపోవడం వేరే సంగతి, దానికి వేలు మార్చి లాభం లేదు.

బీడీలు చుట్టి, సిమెంటు కలిపి, నాట్లేసి గీతలు అరిగిపోయిన వేళ్లవి. చేతులు కడిగి, తుడిచి, కాస్త తేమ ఉండగానే పెట్టాలి. బొటనవేలు పడకపోతే ఉంగరపు వేలు చూడాలి. మిషన్‌కి కంటితో గుర్తుపట్టే ఐరిస్ స్కానర్ ఉంటే అడగండి. ఓటీపీ మంచిదే కానీ ఆధార్‌కి లింకైన నంబరు ఇప్పటికీ వాడుకలో ఉండాలి. చాలామంది ముసలివాళ్లకి అదే ఉండదు! తీరిక చూసుకుని ఆధార్ సెంటర్‌లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి.

ఏదీ కుదరలేదా? ముద్ర కలవలేదని అర్హులకి రేషన్ ఆపొద్దని 2017 అక్టోబరులోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. రిజిస్టర్‌లో రాసి సరుకు ఇవ్వాలి. డీలర్‌ని గట్టిగా అడగండి, ఇవ్వకపోతే తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.