చిగుళ్లు బాగుచేయించుకున్నాకే షుగర్ కదిలింది

మా దర్శి వైపు పళ్లకు ఏమొచ్చినా నీళ్ల మీదకు తోసేస్తాం. కనిగిరి, పొదిలి, దర్శి అంటే ఫ్లోరైడ్ ఊళ్లని పేరు పడిపోయింది కదా. పంటి మీద గోధుమరంగు చారలా, ఫ్లోరైడ్. పన్ను కదిలిందా, ఫ్లోరైడ్. తోముకుంటే రక్తం పడిందా, అదీ ఫ్లోరైడే. నాకు నలభై దాటినప్పటి నుంచీ ఉమ్మిలో ఎరుపు కనపడుతూనే ఉంది. మా నాన్నకూ అంతే, అరవై రాకముందే కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు. ఇంట్లో ఎవరూ దాన్ని జబ్బు కింద లెక్కేయలేదు.

నేను డాక్టరు దగ్గరకు వెళ్లింది కూడా నోటి కోసం కాదు. పండించిన పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే రోజుల్లో బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టం) దగ్గర రాత్రంతా మేలుకోవడం మాకు అలవాటే. కానీ ఆ పని ముగిసి నెలలు గడిచినా నీరసం వదల్లేదు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, కీళ్లు పట్టేసేవి. షుగర్ ఎప్పటి నుంచో ఉంది. మాత్రలు పెంచినా రక్తపరీక్షలో మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 8.8 దగ్గర మొండికేసుకు కూర్చుంది. టైఫాయిడ్ పరీక్ష, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, దేంట్లోనూ ఏమీ లేదు. ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్పీ అనే రక్తపరీక్షలో మాత్రం 5 లోపు ఉండాల్సింది 11 ఉంది. ఒంగోలులో షుగర్ డాక్టరు ఆ కాగితం చూసి, "ఒంట్లో ఎక్కడో వాపుంది. ఏదీ అబ్బాయ్, నోరు తెరువు" అన్నాడు. టార్చి వేసి చూసి, పళ్ల డాక్టరుకు చీటీ రాసిచ్చాడు. నీరసమని వెళితే పళ్లు చూపించుకోమంటాడేందని చిరాకేసింది.

పళ్ల డాక్టరమ్మ గీతలున్న సన్నటి పుల్లలాంటి సాధనాన్ని చిగురుకూ పంటికీ మధ్య దించుతూ అంకెలు చెబుతుంటే, పక్కనున్న అమ్మాయి రాసుకుంది. "మూడు, రెండు, మూడు... ఐదు, ఆరు, ఏడు." అవన్నీ మిల్లీమీటర్లు. మూడు దాకా మామూలే. నాలుగు, ఆపైన వచ్చిందంటే చిగురు పంటిని వదిలి సంచిలా తయారైనట్టు. ఏడు వచ్చిన చోట ఎక్స్‌రేలో ఎముక సగం దాకా కరిగిపోయి ఉంది. అయినా నాకు ఒక్కరోజు కూడా పంటి నొప్పి లేదు! ఈ జబ్బు పద్ధతే అది.

ఫ్లోరైడ్ సంగతి అడిగాను. చిన్నప్పుడు పళ్లు తయారయ్యేటప్పుడు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటి పైపొర మీద మచ్చలు పడతాయి, చిగుళ్ల జబ్బు దారి వేరు అంది. రోజూ పేరుకునే పాచి గట్టిపడి గార అవుతుంది, దాన్ని పట్టుకుని సూక్ష్మక్రిములు సంచిలోకి దిగుతాయి. వాటితో పోరాడటానికి ఒళ్లు వదిలే రసాయనాలు చిగురు దగ్గరే ఆగవు, రక్తంలో కలుస్తాయి. వాటిని పసిగట్టి కాలేయం సీఆర్పీ తయారుచేస్తుంది. అవే ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. షుగర్ పెరిగితే చిగుళ్లు ఇంకా పాడవుతాయి. నోట్లో ఉన్న ఈ సంచుల లోపలి పుండునంతా ఒకచోట పరిస్తే, ముదిరినవాళ్లలో అరచేతిలో కొంత భాగమంత ఉంటుందట. చేతి మీద అంత పుండుంటే ఊరుకుంటామా?

"అన్నీ పీకించేస్తే పీడ పోతుంది బావా" అన్నాడు మా బావమరిది. ఒకప్పుడు డాక్టర్లూ అదే చేశారు. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు నోటి కుళ్లే అనేక రోగాలకు మూలమని ఉపన్యాసం ఇచ్చాక, పాశ్చాత్య దేశాల్లో మంచి పళ్లు కూడా ఎడాపెడా పీకేశారు. ఆ పద్ధతి తర్వాత మూలపడింది.

నాకు మత్తు సూది ఇచ్చి, కొంచెం కొంచెంగా చిగురు లోపలి దాకా గార గీకారు. దూది మీద పడిన ముక్కలు మిరియపు పొట్టులా నల్లగా ఉన్నాయి. "క్లీన్ చేయిస్తే పళ్లు వదులవుతాయి" అని ఊళ్లో అందరూ భయపెట్టారు. నిజానికి వాపు తగ్గి చిగురు ముడుచుకునేసరికి, గార పూడ్చిన సందులు బయటపడతాయి, అంతే. చల్లటి మజ్జిగ తాగితే జివ్వుమనేది. పుక్కిలించమని ఇచ్చిన క్లోర్‌హెక్సిడిన్ మందుకు చేపల పులుసు కూడా చప్పగా తోచింది, పళ్లకు గోధుమరంగు పట్టింది. ఇంకేం, మళ్లీ ఫ్లోరైడ్ అన్నారు!

మాత్రలు మార్చకుండానే తర్వాతి పరీక్షలో సగటు 8.3 వచ్చింది, సీఆర్పీ 4కి దిగింది. అంతా చిగుళ్ల వల్లేనని చెప్పలేను, ఆ నెలల్లో అన్నం కూడా తగ్గించాను. చిగుళ్ల వైద్యంతో షుగర్ సగటు కొద్దిగా తగ్గుతుందన్నది మాత్రం పరిశోధనల్లో తేలిన మాటే. గుండెజబ్బుకూ దీనికీ సంబంధం కనిపిస్తోంది గానీ, చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు ఆగుతుందని ఇంకా రుజువు కాలేదని డాక్టరమ్మే చెప్పింది. ఆ నిజాయితీ నచ్చింది. సాయంత్రపు వెచ్చదనం పోయింది. కీళ్ల నొప్పి కొంచెం మిగిలింది.

మా తమ్ముడు సిగరెట్లు కాలుస్తాడు. "నాకు రక్తమే రాదన్నా" అనేవాడు. పొగాకు వల్ల చిగుళ్లలో రక్తనాళాలు ముడుచుకుని రక్తం రాదట, జబ్బు మాత్రం లోలోపల ముదురుతుందట. చూపిస్తే వాడి సంచులు నావాటికన్నా లోతు. పొగాకు పండించి బతికేవాళ్లం, వాడికి ఏ మొహంతో మానమని చెప్పను? అయినా చెప్పాను.

ఏడు వచ్చిన పన్ను దగ్గర ఇప్పటికీ ఐదు చూపిస్తోంది. చిగురు విప్పి శుభ్రం చేయాలన్నారు. వేలం కేంద్రంలో నా పొగాకు బేళ్లు అమ్ముడయ్యాక వస్తానన్నాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు, మంగళవారమే రమ్మంది.