సీసాలో మిగలాల్సిన ఎనిమిది మాత్రలు

పోయిన మే నెలలో ఒక సోమవారం పొద్దున, మాత్రలు లెక్కపెట్టే ట్రేలో సీసా బోర్లిస్తే ఎనిమిది పడ్డాయి. ఎనిమిదే పడాలి. ఇచ్చినవి 64, వేసుకోవాల్సినవి 56. పొద్దున రెండు, రాత్రి రెండు, 14 రోజులు. లెక్క సరిపోయింది. నా మనసే ఒప్పుకోలేదు.

విజయవాడలో ఒక ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్స్ కోఆర్డినేటర్‌గా పదకొండేళ్ళ నుంచి చేస్తున్నాను. ఇల్లు గుంటూరులో. రోజూ రైల్లో వచ్చిపోతాను. నా పనేంటని ఎవరైనా అడిగితే, మందు మంచిదో కాదో తేలకముందు దాన్ని వేసుకోవడానికి ఒప్పుకున్న మనుషుల పక్కన కూర్చుంటాను అని చెబుతాను. ఇప్పుడు నడుస్తున్నది అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సరుకి నోటితో వేసుకునే మాత్ర. ఒప్పందం ప్రకారం దాని పేరు నేను బయటపెట్టకూడదు.

ఈ జబ్బులో ఎముకల మూలుగలో పుట్టే కణాలు ఎదగకుండానే గుంపులు గుంపులుగా పెరిగిపోతాయి. మంచి రక్తానికి చోటుండదు. ఏడు రోజులు సైటరబీన్, మూడు రోజులు డానోరూబిసిన్: 1970ల నుంచి మొదటి కీమో ఇదే. ఈ రోగుల్లో ముప్పై శాతం మందికి ఎఫ్ఎల్‌టీ3 అనే జన్యువులో మార్పు ఉంటుంది. పెరగమని కణానికి చెప్పే స్విచ్ అది. వీళ్ళలో ఆగకుండా వేసే ఉంటుంది. మేం పరీక్షిస్తున్న మాత్ర ఆ స్విచ్‌ని పట్టుకుని ఆపాలి. అందుకే మార్పు ఉన్నట్టు రిపోర్టు వచ్చాకే ఎవర్నైనా ట్రయల్లోకి తీసుకుంటాం.

ఆ ఎనిమిది మాత్రలు తెచ్చింది గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసే ఒక బాబాయిగారు. యాభై ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళుగా టిక్కీలు (మిర్చి బస్తాలు) తూయించి చీటీలు రాస్తున్నారు. జనవరిలో, సరుకు రావడం మొదలైన రోజుల్లో, చిగుళ్ళ వెంట రక్తం కారుతుంటే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారట. అక్కణ్ణుంచి రక్తపరీక్ష, అక్కణ్ణుంచి మా దగ్గరికి. మొదటి కీమోకి జబ్బు అణిగింది. తర్వాతది మళ్ళీ తిరగబడకుండా ఇచ్చే గట్టి మోతాదు సైటరబీన్. అది మొదలుపెట్టిన రోజు నుంచి లెక్కపెట్టి ఎనిమిదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా మాత్రలు ఇంట్లో వేసుకోవాలి.

మొదటిసారి కాగితాలు చదివి వినిపించడానికే రెండు గంటలు పట్టింది. ఆయన ప్రతి పేజీ దగ్గరా ఆపారు. అన్నిటికంటే ఎక్కువ ఆగింది డమ్మీ మాత్ర దగ్గర.

"అంటే నాకు అసలు మందు రాకపోవచ్చా అమ్మాయ్?"

"రాకపోవచ్చు బాబాయిగారూ. కీమో అందరికీ ఒకటే, దాంట్లో తేడా ఉండదు. దాని మీద కలిపే మాత్రే కొందరికి అసలుది, కొందరికి డమ్మీ. ఏ సీసాలో ఏముందో డాక్టరుగారికీ తెలీదు, నాకూ తెలీదు."

"నీకూ తెలీదా?" అని మళ్ళీ అడిగారు. నాకు తెలీదన్న మాటే ఆయనకి నమ్మకం కలిగించింది అనుకుంటాను. కాటా మీద ఉన్నది ఎవరి సరుకో తూచేవాడికి తెలియకపోతేనే మంచిది అన్నారు.

ఇంకో ప్రశ్న పిన్నిగారిది. "రేపు మందు నిజంగా పనిచేస్తే, మాలాంటోళ్ళు కొనగలరా?" దీనికి నా దగ్గర తయారుగా ఉన్న జవాబు లేదు. సొరాఫెనిబ్ సంగతి చెప్పాను. కాలేయం, కిడ్నీ క్యాన్సర్లకి వచ్చిన మాత్ర అది, ఎఫ్ఎల్‌టీ3ని కూడా ఆపుతుంది. నెలకి సుమారు 2,80,000 రూపాయలుండేది. 2012 మార్చిలో మన పేటెంట్ కార్యాలయం హైదరాబాద్ కంపెనీ నాట్కోకి తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి ఇచ్చి, నెలకి 8,880 మించకూడదంది. ధర తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు, మాట మాత్రం ఇవ్వలేనని చెప్పాను. ఆమె తలూపి, సంచిలోంచి కళ్ళజోడు తీసి మిగతా కాగితాలు తనే చదువుకున్నారు.

ఇంత జాగ్రత్తగా మాట్లాడిన నేను, సీసా చేతికిస్తూ చివర్లో ఒక మాటన్నాను: "ఒక్క మాత్ర కూడా తప్పకూడదు బాబాయిగారూ."

ఆ సోమవారం నాకు అనుమానం తెప్పించింది సీసా కాదు, డైరీ. మాత్ర వేసుకున్న టైము రాయడానికి ఇచ్చిన చిన్న పుస్తకం. 14 రోజులూ ఒకే నీలం సిరా, ఒకే వాలు. పొద్దున 8, రాత్రి 8. ఇరవై ఎనిమిది గళ్ళలో ఒక్క కొట్టివేత లేదు. గట్టి కీమో అయిన రెండు వారాల్లో ఏ మనిషికీ రోజులు అలా గడవవు.

పిన్నిగారిని టీకి రమ్మని కింద క్యాంటీన్‌కి తీసుకెళ్ళాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చుని, చెప్పారు. మాత్రలు మొదలుపెట్టిన నాలుగో రోజు రాత్రి, వేసుకున్న పావుగంటకే ఆయన కక్కేశారట. ఐదు, ఆరు, ఏడు రోజులు మాత్ర వాసనకే కడుపులో తిప్పి వేసుకోలేదు. ఎనిమిదో రోజు నుంచి మజ్జిగన్నం తిన్నాక వేసుకుంటే నిలబడింది. మూడు రోజులవి, 12 మాత్రలు, కాగితంలో చుట్టి పసుపు డబ్బాలో దాచారు. పారెయ్యడానికి చెయ్యి రాలేదన్నారు.

"నాకు ఫోను చెయ్యొచ్చుగా పిన్నీ?"

"ఒక్కటి కూడా తప్పకూడదన్నావుగా తల్లీ. తప్పితే ఆయన్ని తీసేస్తారనుకున్నాం. పైగా మీ పెద్ద డాక్టరు నిన్ను తిడతాడేమోనని."

నన్ను కాపాడటానికి దాచారు. అప్పటికప్పుడు నాకు మాట రాలేదు.

ఆమె ఇంకోటి కూడా చెప్పారు. ప్లేట్‌లెట్లు పడిపోయాయని తెలిసి, పక్కింటివాళ్ళ మాట మీద రోజూ పరగడుపున బొప్పాయి ఆకు రసం ఇచ్చారట. డెంగీ వచ్చినప్పుడల్లా మన ఊళ్ళలో జరిగేదే. తెల్లకణాలు దాదాపు లేని మనిషికి పచ్చి ఆకు దంచిన రసమంటే అందులో ఏ సూక్ష్మజీవి ఉందో ఎవరికి తెలుసు? ఈ రకం మాత్రల్ని కరిగించేది ఎక్కువగా కాలేయంలోని ఒక ఎంజైము. ఫంగస్ రాకుండా ఇచ్చే కొన్ని మందులు, పంపర పనస జాతి పండ్ల రసం లాంటివి దాన్ని అడ్డుకుంటే రక్తంలో మందు పెరిగిపోతుంది. ఆకు రసం దాన్ని ఏం చేస్తుందో నాకు తెలీదు. ఇలాంటి మాత్రల్లో కొన్ని గుండె కొట్టుకునే తీరు మీద పనిచేస్తాయి కాబట్టే వచ్చినప్పుడల్లా ఈసీజీ తీస్తాం. ఆకు రసం సంగతి మాకు తెలియకుండా ఈసీజీలో తేడా వచ్చుంటే మేం ఎక్కడ వెతికేవాళ్ళం?

సెలైన్‌లో ఎక్కించే మందుకి నర్సు ఉంటుంది, టైము ఉంటుంది, ఎంత ఎక్కిందో కళ్ళకి కనబడుతుంది. మాత్ర అలా కాదు. అది యార్డు వెనక రెండు గదుల ఇంట్లో, గోడ అల్మరాలో, పసుపు డబ్బా పక్కన ఉంటుంది. ఆ ఇంట్లో మజ్జిగన్నం ముందా, మాత్ర ముందా అన్నది పరీక్షలో భాగమే.

పైకొచ్చి బాబాయిగారికి రాటిఫై ట్రయల్ సంగతి చెప్పాను. ఎఫ్ఎల్‌టీ3ని ఆపే మిడోస్టారిన్ అనే మందుని పరీక్షించిన ట్రయల్ అది, ఆ మందునీ ఇలాగే కీమో మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి ఎనిమిదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా ఇచ్చారు. 17 దేశాల్లో 3,277 మందిని పరీక్షిస్తే, 717 మందిని తీసుకున్నారు. నాలుగేళ్ళకి మందు వైపు బతికున్నవాళ్ళు 51.4 శాతం, డమ్మీ వైపు 44.3 శాతం. 2017 ఏప్రిల్లో అమెరికాలో అనుమతి వచ్చింది.

"తేడా ఏడు" అన్నారాయన వెంటనే. లెక్కల మనిషి.

"ఏడే. వాంతి వల్ల ఎంతమంది మానేశారో దాచిపెడితే, మందు చేతకానిదో, మనిషి కడుపు పట్టనిదో తేలదు. అందరూ తేలిగ్గా వేసుకున్నారని రాసుకుని ఇదే మోతాదు ఖాయం చేస్తారు. రేపు వచ్చేవాళ్ళందరూ అదే వాంతితో కూర్చుంటారు. మీకు వాంతి మాత్ర వల్లొచ్చిందో, కీమో వల్లొచ్చిందో నాకు తెలీదు. రెండు వైపులా లెక్క సరిగ్గా ఉంటేనే అది తెలిసేది."

ఆయన కాసేపు ట్రే వంకే చూశారు. "అంటే కాటాలో రాయి పెట్టామన్నమాట" అన్నారు.

"రాయి పెట్టించింది నేనే బాబాయిగారూ. ఒక్కటి కూడా తప్పకూడదన్నాను. తప్పితే చెప్పండి అనుండాల్సింది."

ఆరోజే డాక్టరుగారికి చెప్పాం. మూడు రోజుల మోతాదు తప్పిందని, వాంతి అయిందని, ఆకు రసం తాగారని మూడూ రికార్డులోకి ఎక్కాయి. ట్రయల్లో ఉన్నవాళ్ళ క్షేమం చూసే నైతిక కమిటీకి రిపోర్టు వెళ్ళింది. ట్రయల్ నుంచి ఆయన్ని తీసెయ్యలేదు. ఈసారి మాత్రకి అరగంట ముందు వాంతి ఆగే మందు, తిన్నాకే మాత్ర అని రాశారు. డైరీలో ఉన్నది దిద్దొద్దు, చెరపొద్దు, పక్కన నిజం రాసి తారీఖు వేసి సంతకం పెట్టమన్నాం. మర్నాడు పసుపు డబ్బాలోని పొట్లం తెచ్చారు. ఎనిమిదీ పన్నెండూ ఇరవై అని రాసుకున్నాను. కాగితానికి పసుపు అంటి ఉంది.

ఇప్పుడు సీసా ఇచ్చేటప్పుడు నా మాట మార్చుకున్నాను. "వేసుకోలేకపోతే ఆ గడిలో సున్నా పెట్టి ఎందుకో రాయండి. రాత్రి పన్నెండైనా నాకు ఫోను చెయ్యండి" అంటాను. వాళ్ళచేత ఆ మాట తిరిగి చెప్పించుకున్నాకే సీసా చేతికిస్తాను.

జూన్‌లో బాబాయిగారు రెండో సీసా తెచ్చారు. ట్రేలో పన్నెండు పడ్డాయి. డైరీలో నీలం సిరా ఉంది, నల్ల సిరా ఉంది, ఒక రోజు పెన్సిలు. ఒక పేజీ మీద పచ్చడి మరక. తొమ్మిదో రోజు గడిలో చీటీలు రాసే అక్షరాలతో ఇలా ఉంది: "రాత్రి 9.40. రెండు వేసుకోవాలి. ఒకటి మింగాను, రెండోది చేతిలో పట్టుకుని కూర్చుని నిద్రపోయాను. పొద్దున మంచం కింద దొరికింది. వేరే పొట్లంలో పెట్టాను, సీసాలో వెయ్యలేదు."

పన్నెండు, పొట్లంలో ఒకటి. పదమూడు. డైరీలో సున్నాలు కూడా రెండు. సరిపోయింది.