గ్రూప్-1 మెయిన్స్: ఎస్సేలో ఒక పక్షం తీసుకుని రాయండి

సెలక్షన్ లిస్టులో నా నంబరు వచ్చిందని తెలిశాక మా కావలి ఫ్రెండ్స్ అందరూ అడుగుతున్నది ఒకటే, ఎస్సే పేపర్ ఎలా రాశావని. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికొస్తా.

నెల్లూరులో టెస్ట్ సిరీస్ రాసేటప్పుడు ఒక టాపిక్ ఇచ్చారు: సంపన్న దేశం తన రక్షణకు మిత్రదేశాల మీద ఆధారపడవచ్చా? ఇలాంటివాటికి అందరి దగ్గరా ఒకటే మూస ఉంటుంది. 1949లో పడమటి దేశాల రక్షణ కూటమి నాటో, జపాన్ రాజ్యాంగంలో యుద్ధం వద్దనే తొమ్మిదో ఆర్టికల్, అటో పేజీ ఇటో పేజీ, ఆఖర్లో "సమతుల్యత అవసరం". ఇంట్లో ఈ మాట వస్తే మా పెదనాన్న అందుకున్నాడు. 1990లో ఆయన కువైట్‌లో డ్రైవర్. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చి పడింది. ఎలాగోలా జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కి బయటపడ్డాడు.

"కువైటోళ్లకి డబ్బు లేకనా? సాయం రాలేదని కాదురా, వచ్చింది. సాయానికొచ్చినోళ్లు కువైట్‌ని విడిపించేటప్పటికి ఈడ మన వరి కోతకొచ్చింది" అన్నాడు.

నా ఎస్సేకి దారి అక్కడే దొరికింది. లైబ్రరీలో కూర్చుని కువైట్ చరిత్ర తిరగేస్తే 1961 కనిపించింది. ఆ జూన్‌లో స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది రోజులకే ఇరాక్ ప్రధాని ఖాసిం అది మాదేనన్నాడు. జూలై 1న కువైట్‌కి సాయంగా బ్రిటిష్ దళాలు దిగాయి, దాడి జరగలేదు. 1971కల్లా బ్రిటన్ గల్ఫ్ నుంచి తప్పుకుంది. 1990లో సరిహద్దు దగ్గర అడ్డుపడే మిత్రుడు లేడు, 1991 ఫిబ్రవరి ఆఖరుకి గానీ విముక్తి రాలేదు. అదే దేశం, అదే పొరుగు. మొదటిసారి సాయం ముందొచ్చింది, రెండోసారి అంతా అయ్యాక వచ్చింది.

కాబట్టి నా పక్షం ఇది: మిత్రుల మీద ఆధారపడొచ్చు, కానీ వాళ్లు వచ్చేదాకా ఆపగలిగే సైన్యం సొంతంగా ఉండాలి. సింగపూర్ 1967లోనే యువకులకు సైనిక సేవ తప్పనిసరి చేసింది, బ్రిటిష్ దళాలు వెళ్లిపోయేదాకా ఆగలేదు. జపాన్ రక్షణ ఖర్చులో ఏళ్ల తరబడి జీడీపీలో 1 శాతం దగ్గరే ఆగి, 2022 డిసెంబర్‌లో 2027 నాటికి 2 శాతం చేస్తామంది. ఐస్‌లాండ్‌కి సైన్యమే లేదు కదా అంటారు. నిజమే, దాని పక్కన ఇరాక్ కూడా లేదు!

దిద్దిన సార్ "ఏకపక్షంగా ఉంది" అని మార్కులు కోశారు. నేను పద్ధతి మార్చలేదు. ఎదుటివాదానికి జవాబు చెప్పాక కూడా ఏకపక్షం ఎలా అవుతుంది? మెయిన్స్‌లో ఈ టాపిక్ రాలేదు, రాసిన తీరు మాత్రం ఇదే. మార్కులు ఎవరు చెప్పింది రైటో చూపించాయి.

ప్రిలిమ్స్‌కి పాత పేపర్లు చాలు. మెయిన్స్‌లో తెలుగు, ఇంగ్లీష్ క్వాలిఫయింగే, పాసైతే చాలు కదా అని వదిలేయకండి. ఇంటర్వ్యూకి జిల్లా గురించి, చుట్టుపక్కల వాటి గురించి చదవండి, రామాయపట్నం పోర్టుతో సహా. ఇంకోటి, కోపం తెచ్చుకోవద్దు. రీడింగ్ రూమ్‌లో సీటు పట్టుకుని, టీ కొట్టు దగ్గర కటాఫ్ లెక్కలేసుకుంటూ సాయంత్రం చేసేవాళ్లకి ఏ టాపిక్ ఇచ్చినా ఒకటే. ఫోన్ ఇంట్లో పెట్టి రండి, టెన్షన్ దానంతటదే సగం తగ్గుతుంది.

నా నోట్స్ కావలి ఫ్రెండ్ దగ్గర ఉన్నాయి, జిరాక్స్ తీసుకోండి. చేతిరాత అర్థం కాకపోతే నన్నే అడగండి, ఒక్కోసారి నాకే అర్థం కాదు.