ఆరోగ్యమాతకు వెండి కళ్ళు

తమిళనాడులోని వేళాంగణి మరియమాత గుడి నుంచి నిన్న రాత్రే చిత్తూరు చేరాం. కాళ్ళ వాపులు తగ్గలేదు, అయినా మనసు నిండుగా ఉండగానే రాసేయాలనిపించింది. మా పాప ఎడమ కంట్లో పుల్ల గుచ్చుకుని, చూపు దక్కుతుందో లేదో అన్నప్పుడు, వెండి కళ్ళు ఇస్తానని అక్కడి ఆరోగ్యమాతకు మొక్కుకున్నాను. తల్లి విన్నది. పాప ఇప్పుడు చివరి బెంచీలో కూర్చుని కూడా బోర్డు చదువుతోంది.

వెండి కళ్ళు మా బజారులోనే కొన్నాను. కొట్టాయన "ఏ దేవుడికమ్మా?" అన్నాడు. కాణిపాకం వినాయకుడికైనా, గంగమ్మకైనా, వేళాంగణి మాతకైనా ఆయన దగ్గర అవే కళ్ళు. గోటితో నొక్కితే సొట్టపడేంత పలచని రేకు, దాని మీద రెప్పవెంట్రుకల గీతలు కూడా ఉన్నాయి.

మా వీధిలో ప్రార్థనకు వెళ్ళే ఒకామె "దేవుడికి ఈ బొమ్మలెందుకు?" అంది. దేవుడికి అక్కర్లేదు, మనకు కావాలి. మా అవ్వకు ఒక్క అక్షరం రాదు. గుళ్ళో స్వరూపాలు చూసి అందరినీ గుర్తుపట్టేది. తాళపు చెవులుంటే పేతురు, ఒంటినిండా బాణాలుంటే సెబాస్టియన్, చేతిలో బాలయేసు, లిల్లీ పువ్వు ఉంటే అంతోని. పళ్ళెంలో రెండు కళ్ళు పట్టుకుని నిలబడేది పునీత లూసియా. సిసిలీలోని సిరాకూస్ పట్టణంలో క్రీ.శ. 304లో వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం, ప్రాణమిచ్చిన అమ్మాయి. పాప ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆమె పటం దిండు కిందే పెట్టాను.

నా మెడలో ఉండేది అద్భుత పతకం. 1830లో పారిస్‌లో, మఠంలో కొత్తగా చేరిన కేథరిన్ లబూరేకు మరియమాత దర్శనమిచ్చి చేయించమన్నది ఇదే. మాత పాదాల కింద పాము, చేతుల నుంచి కిరణాలు. వెనక సిలువ, ముళ్ళు చుట్టిన హృదయం, కత్తి దిగిన హృదయం, చుట్టూ 12 నక్షత్రాలు. ఆ దర్శనంలో తల్లి ఉంగరాల్లోని కొన్ని రాళ్ళ నుంచి వెలుగు రాలేదట. అవి ఎవరూ అడగని వరాలని చిన్నప్పుడు జ్ఞానోపదేశం చెప్పిన సిస్టర్ అనేవారు. ఎన్నిసార్లు విన్నా అది నాకు పట్టలేదు.

ఏ ఊళ్ళో ఏ బండి మారామో గుర్తులేదు. సెప్టెంబరు 8 పండుగ దగ్గరపడింది, ఎటు చూసినా కాషాయం కట్టిన జనం. భక్తి ఉండాల్సిందే గానీ ఆ తోపులాటేమిటి! ఫోన్లు ఎత్తి వీడియోలు తీసేవాళ్ళ మోచేతులు మొహానికి తగులుతున్నాయి, పసిపిల్లలు ఊపిరాడక ఏడుస్తున్నారు. ఆ నెట్టుడులో నా గొలుసు తెగి పతకం కింద పడింది. వంగితే తొక్కేస్తారు.

పక్కనున్న కాషాయం చీర పెద్దమ్మ ఒక్కసారిగా అక్కడే కూర్చుండిపోయింది. రెండు చేతులూ చాచి "నిల్లుంగ, నిల్లుంగ" అని జనాన్ని ఆపింది. తడిమి తడిమి పతకం తీసి, కళ్ళకద్దుకుని, తన మణికట్టుకున్న దారం పళ్ళతో కొరికి అందులో గుచ్చి నా మెడలో కట్టింది. మా చిత్తూరోళ్ళకు అరవం కొత్త కాదు కదా, మాట కలిపాను. తిరుచ్చి పక్క పల్లె నుంచి నడిచొచ్చిందట. మడమలు పగిలి నెత్తురు ఎండిపోయింది. పాపను తన ముందుకు తోసి "పుళ్ళె మొదల్ల పోగట్టుం" అంది, బిడ్డను ముందు పోనీ అని. ఆ తర్వాత జనం ఆమెను ఎటో లాక్కుపోయారు.

తల్లి ముందుకు చేరాం. పట్టుచీర, కిరీటం, చేతిలో బిడ్డ. కళ్ళారా చూసేలోపే "నడవండి, నడవండి" అన్నారు. దారంతా కూర్చుకున్న కృతజ్ఞతల్లో ఒక్క మాటా నోట రాలేదు. ఆ పగిలిన మడమలే కళ్ళముందు నిలిచాయి. "అమ్మా, ఆమె కాళ్ళు చూడు తల్లీ" అన్నాను. నేను అడగాలనుకోని వరం అదే. పాప తన చేత్తోనే వెండి కళ్ళు హుండీలో వేసింది.

బయట పాపకూ ఒక పతకం కొని ఫాదర్ గారితో ఆశీర్వదింపజేశాం. డిసెంబరు 13 లూసియమ్మ పండుగ. ఆ రోజు మా గుళ్ళో పూజ పెట్టిస్తాను, పాప పేరున, ఆ పెద్దమ్మ పేరున. ఆమె పేరు అడగడానికి వీలు చిక్కలేదు. తిరుచ్చి నుంచి నడిచొచ్చిన పెద్దమ్మ అని ఫాదర్‌కు రాసిస్తాను.