నా ఊహా రైల్వేకి సెకండ్ క్లాస్ పెట్టె

నంద్యాల నుంచి కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా ఎర్రగుంట్లకి రైలు 2016లో గానీ రాలేదు కదా, నా ఊహలో మాత్రం అది 1890ల్లోనే వచ్చేసింది, మీటర్ గేజ్ (రెండు పట్టాల మధ్య ఒక మీటర్ ఎడం), ఒక చిన్న కంపెనీ వేసిన లైను. ప్రొద్దుటూరులో మా మిద్దె మీద గదిలో దాన్నే 1:87 స్కేల్‌లో, అంటే అసలు సైజులో 87వ వంతు మోడల్‌గా కడతాండా. చూసేదానికి వచ్చినోళ్లంతా ఇంజన్ గురించే అడుగుతారు, నాకేమో ఆ లైను మొదటి సెకండ్ క్లాస్ పెట్టెలంటేనే ప్రాణం.

ఇప్పటి సెకండ్ క్లాస్‌ని మనసులో పెట్టుకోవద్దండి. ఇప్పుడు మనం ఎక్కేది అప్పటి థర్డ్, 1974లో థర్డ్ ఎత్తేసి దాన్నే సెకండ్ చేసినారు. ఆ కాలంలో జనం దాదాపు అందరూ థర్డ్‌లోనే పొయ్యేవాళ్లు. మరి నా లైనులో సెకండ్ టికెట్ కొనేదెవరు? తాలూకా కచేరీ ఆఫీసర్లు, వకీళ్లు, పత్తి బేరానికి తిరిగే షావుకార్లు, రైలుకి నలుగురో ఐదుగురో. మోడల్స్ చేసేవాళ్లు ఫస్ట్‌కొకటి సెకండ్‌కొకటి థర్డ్‌కొకటి అని సెట్టుగా చేసి పెడతారు, చూడ్డానికి బానే ఉంటాది, కానీ డబ్బుల్లేని కంపెనీ ఖాళీ పెట్టెని లాగడానికి బొగ్గు కాలుస్తుందా? అందుకే ఒకే పెట్టెలో మధ్య గది సెకండ్, రెండు చివర్లా థర్డ్ అని తేల్చేసినా, ఇట్లా కలిపి కట్టిన పెట్టెలు అప్పట్లో నిజంగానే ఉండేవి. మధ్యలోనే ఎందుకంటే నాలుగు చక్రాల పెట్టెలో కుదుపు ఎక్కువగా ఇరుసుల మీదుండే చివరి గదులకే తగులుతుంది, ఎక్కువ డబ్బులిచ్చినోళ్లకి మధ్య గది.

నాలుగు చక్రాలే చాలనుకున్నది మన నేలని చూసి. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, దాని మీద పోసిన కట్ట ఒకచోట నిలవదు, అట్లాంటి కట్ట మీద తేలికైన పెట్టెలు నిదానంగా పోవల్ల. పెట్టె పొడవు 20 అడుగులు అనుకున్నా, మోడల్‌లో 7 సెంటీమీటర్లు. మీటర్‌ని 87తో భాగిస్తే 11.5 మిల్లీమీటర్లు వస్తుంది, ఈ స్కేల్‌కి రెడీమేడ్‌గా దొరికే పట్టాలు 12 మిల్లీమీటర్లవి, ఆ తేడా కంటికి ఆనదు.

ఎక్కువ టైమ్ పట్టింది కిటికీ రెక్కలకి. పాత పెళ్లి పత్రికల అట్ట తీసుకుని, బ్లేడు వెనక అంచుతో దగ్గర దగ్గరగా అడ్డగీతలు నొక్కుతా, కోయకూడదు, నొక్కాల అంతే, తర్వాత పల్చగా వార్నిష్ పూస్తే ఆ గీతల్లో కొంచెం చిక్కగా నిలబడి నిజంగా ఏటవాలు చెక్కలే ఒకదాని కింద ఒకటి దిగేసినట్టు నీడ పడుతుంది. థర్డ్‌కి సీట్లు ఒట్టి చెక్క, సెకండ్‌కి పాత పర్సు తోలు సన్నగా చెక్కి అతికించినా. పైన డబుల్ కప్పు, మన ఎండలకి అప్పటి పెట్టెలకి అట్లా వేసేవాళ్లు, రెండు కప్పుల మధ్య గాలి ఆడితే లోపల కొంచెం వేడి తగ్గుతుంది, నేను అగ్గిపుల్ల ముక్కలు పెట్టి ఆ సందు చూపించినా.

రైల్వేలో కార్పెంటర్‌గా రిటైరైన మా పెదనాయన ఒకరోజు పైకొచ్చి పెట్టెని అరచేతిలో పెట్టుకుని చూసి “రేయ్, తలుపులు బయటికి తెరుచుకోవల్లరా, లోపలికి తెరిస్తే ఎదురుగా కూర్చున్నోడు మోకాళ్లు యాడ పెట్టుకుంటాడు” అన్నాడు. ప్రతి గదికీ రెండు పక్కలా తలుపులు, లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దారి ఉండదు, కాబట్టి ఆయన మాట నూటికి నూరుపాళ్లు కరెక్ట్, బందులన్నీ బయటివైపే పెట్టినా.

మధ్య తలుపు మీద రోమన్ అంకె రెండు పసుపు రంగుతో రాసినా, సూది మొనతో. ఇంక కప్పు మీద నూనె దీపాల మూతలు మిగిలినాయి, అవి అయినాక బ్రేక్ వ్యాన్, అంటే గార్డు ఉండే పెట్టె. మీ ఇండ్లల్లో పాత మీటర్ గేజ్ చెక్క పెట్టెల ఫోటోలు ఏవైనా ఉంటే పంపండప్పా, తలుపు పిడి దగ్గరగా కనపడేది ఉంటే మరీ మంచిది.