కాగే మడుగులో ఉడికిన మొక్కజొన్న పొత్తు

మా న్యూజిలాండ్ టూర్‌లో ఆక్లాండ్ సంగతి పెద్దగా చెప్పను. రోటోరువాలోని ఫకరేవరేవ అనే మావోరీల (అక్కడి మూలవాసుల) ఊరే నా మనసులో ఉండిపోయింది. బస్సు దిగగానే గంధకం వాసన గుప్పుమంది. ఎక్కడ చూసినా నేలలోంచి ఆవిరే.

మా 20 మందినీ తిప్పిన గైడమ్మ ఆ ఊరి ఆడపడుచే. 1886లో తరవేరా అగ్నిపర్వతం పేలి తమ పూర్వీకుల ఊరు పూడిపోతే, ఇక్కడివాళ్ళు చోటిచ్చి ఆదుకున్నారని చెబుతూ ఒక్క క్షణం ఆగింది. ఇక్కడ సమాధులు కూడా నేలపైనే కడతారు. తవ్వితే వేడి కదా!

సలసల కాగే మడుగులోంచి ఓ పలుచటి గుడ్డసంచి పైకి లాగి, అందులోని మొక్కజొన్న పొత్తు నా చేతిలో పెట్టింది. పొయ్యి లేదు, గ్యాస్ లేదు. గింజ మెత్తగా, తియ్యగా ఉంది. ఉప్పూ కారం లేకుండా పొత్తు తినడం నాకదే మొదలు.

బయల్దేరే ముందు హోంగీ. నుదురూ ముక్కూ ఆనించి, ఒకరి ఊపిరి ఒకరు పంచుకునే పలకరింపు. మా అత్తయ్యకు 70 ఏళ్ళు. కొత్తవాళ్ళతో మాట్లాడటానికే మొహమాటపడే మనిషి, కళ్ళు మూసుకుని ముందుకు వంగారు. ఆవిడ కుంకుమ గైడమ్మ నుదుటికి కాస్త అంటింది. గైడమ్మ తుడుచుకోలేదు.