256, 280: రెండు క్యామ్‌లతో కొండపైకి

బయలుదేరిన రెండు కార్లలోనూ ఇంజన్ ఒకటే రకం. 1.6 లీటర్లు, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వ్‌లు, టర్బో లేదు. తేడా అంతా వాల్వ్‌లను తెరిచే క్యామ్‌లలోనే. మొదటిదాంట్లో 256 డిగ్రీల క్యామ్‌లు (క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేదాకా వాల్వ్ తెరిచి ఉంటుందో చెప్పే అంకె, దీన్నే డ్యూరేషన్ అంటారు), లిఫ్ట్ అంటే వాల్వ్ తెరుచుకునే ఎత్తు 10.2 మి.మీ. రెండోదాంట్లో 280 డిగ్రీలవి, లిఫ్ట్ 11.2. ముందు ఊళ్లో ట్రాఫిక్, తర్వాత హైవే, ఆపైన 1,500 మీటర్ల ఎత్తుకు ఎక్కే కొండదారి. రోజూ నడిపే బండికి ఎదురయ్యేవన్నీ ఈ ఒక్క దారిలోనే ఉన్నాయి. కార్లు మార్చుకుంటూ నడిపాం. ఆర్పీఎం, మ్యానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) ప్రెషర్, ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీయూ పెట్రోల్‌ని ఎంత సవరిస్తోందో చెప్పే అంకె) దారి పొడవునా రికార్డవుతూనే ఉన్నాయి.

క్యామ్‌లతో వచ్చే కార్డు చదివితే ప్రయాణం ఎలా సాగుతుందో సగం ముందే తెలిసిపోతుంది. 256 క్యామ్‌లో ఇన్‌లెట్ వాల్వ్ పూర్తిగా తెరుచుకునేది టీడీసీ (పిస్టన్ పైకొసన ఉండే స్థానం) తర్వాత 110 డిగ్రీల దగ్గర. డ్యూరేషన్‌లో సగం 128. రెండూ కలిపి 180 తీసేస్తే 58. అంటే బీడీసీ (పిస్టన్ కిందికొసన ఉండే స్థానం) దాటిన 58 డిగ్రీలకు వాల్వ్ మూసుకుంటుంది. 280 క్యామ్‌కి ఫుల్ లిఫ్ట్ 108 దగ్గర, కాబట్టి మూసుకునేది 68కి. పిస్టన్ పైకి వస్తున్నా వాల్వ్ ఇంకా తెరిచే ఉంటుందన్నమాట. 5,000 ఆర్పీఎంలో గాలి తన వేగంతో లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది కాబట్టి ఆ ఆలస్యం లాభం. 1,500లో ఆ ఊపు ఉండదు, లోపలికొచ్చిన గాలినే పిస్టన్ తిరిగి మ్యానిఫోల్డ్‌లోకి నెట్టేస్తుంది. ఓవర్‌ల్యాప్, అంటే ఇన్‌లెట్, ఎక్జాస్ట్ వాల్వ్‌లు రెండూ తెరిచి ఉండేది, మొదటిదాంట్లో 36 డిగ్రీలు, రెండోదాంట్లో 64.

ఈ లెక్కకి ముందు ఒకటి చూసుకోవాలి. 256, 280 అనే అంకెలు ఎంత లిఫ్ట్ దగ్గర కొలిచినవి? ఒక తయారీదారు 0.1 మి.మీ. దగ్గర మొదలుపెడితే ఇంకొకరు 0.5 దగ్గర మొదలుపెడతారు. ఇద్దరి క్యామ్‌లనీ పక్కపక్కన పెట్టి చూడాలంటే 1 మి.మీ. లిఫ్ట్ దగ్గరి డ్యూరేషన్ అడగాలి. ఆ అంకె ఇవ్వని క్యామ్‌ని నేనైతే కొనను.

ట్రాఫిక్‌లోనే తేడా బయటపడింది. 256 కారు 850 ఆర్పీఎంలో నిలకడగా ఐడిలింగ్ చేసింది, మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ 18 అంగుళాల పాదరసం. 280 కారు 1,050కి తగ్గిస్తే ఆగిపోయేలా ఊగింది, అక్కడ వాక్యూమ్ 11. ఏసీ కంప్రెసర్ పట్టుకున్న ప్రతిసారీ ముల్లు దబ్బున పడి లేచింది. మొదటి గేర్‌లో యాక్సిలరేటర్ వదిలేసి బండిని పాకించడం కుదరలేదు, జెర్కులు ఆగాలంటే క్లచ్ తొక్కాల్సిందే. ఫ్యూయల్ ట్రిమ్ చూస్తే ఐడిలింగ్‌లో ఈసీయూ పెట్రోల్ పెంచుకుంటూ పోతోంది. ఓవర్‌ల్యాప్‌లో కొంత ఎక్జాస్ట్ వాయువు వెనక్కి వచ్చి కలవడంతో మిశ్రమం సరిగ్గా మండదు, మండని ఆక్సిజన్ ఎక్జాస్ట్‌లోకి పోతుంది. ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి మిశ్రమం పలచగా ఉందనుకుంటుంది, అడక్కుండానే పెట్రోల్ కలిపిస్తుంది. ఇలాగే వదిలేస్తే ప్లగ్‌లు నల్లబడతాయి, క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి పాడవుతుంది. ఐడిలింగ్‌లో సెన్సర్ మాట వినకుండా మ్యాప్ ప్రకారమే పెట్రోల్ ఇచ్చేలా ఈసీయూని ట్యూన్ చేయించాలి. 280 కొనేవాళ్లు ఆ ఖర్చునీ క్యామ్ ధరలోనే కలిపి చూసుకోవాలి.

హైవే మీద చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. టాప్ గేర్‌లో 100 కి.మీ. వేగానికి 3,000 ఆర్పీఎం. అక్కడ 256 గేర్ మార్చకుండానే లారీని దాటేసింది, 280కి ఒక గేర్ తగ్గించాల్సి వచ్చింది. గేర్ తగ్గించి 4,500 దాటించాక మాత్రం 280ని అందుకోవడం మొదటి కారు వల్ల కాలేదు.

కొండదారిలో ఇంకో లెక్క కలిసింది. 1,500 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టం కంటే దాదాపు 14 శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్‌కి ఆ మేరకు బలం తగ్గినట్టే. హెయిర్‌పిన్ మలుపు తిరిగేసరికి రెండో గేర్‌లో ముల్లు 1,800కి పడిపోతుంది. 256 అక్కణ్నుంచి లాగింది. 280 లాగలేదు. మొదటి గేర్ వేయాలి, లేదా క్లచ్ జార్చాలి, ప్రతి మలుపులో అదే చేస్తే క్లచ్ ప్లేట్ వాసన కారంతా నిండుతుంది.

పైన ఆగి, ఇంజన్ చల్లబడ్డాక 280 కారు టైమింగ్ కవర్ విప్పాం. ఇన్‌లెట్ వైపు వెర్నియర్ పుల్లీ (క్యామ్‌ని కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ జరిపి బిగించేది) ఉంది. క్యామ్ ఒక చుట్టు తిరిగేసరికి క్రాంక్ రెండు తిరుగుతుంది కాబట్టి, దాన్ని 2 డిగ్రీలు ముందుకు జరిపితే క్రాంక్ లెక్కలో 4. వాల్వ్ 68కి బదులు 64కే మూసుకుంటుంది, కింది ఆర్పీఎంలో కాస్త బలం వస్తుంది. వచ్చింది కూడా. కానీ అదే వాల్వ్ 4 డిగ్రీలు ముందే తెరుచుకుంటుంది కాబట్టి ఓవర్‌ల్యాప్ 68కి పెరిగి ఐడిలింగ్ ఇంకా పాడైంది. ముందుకు జరిపితే ఇన్‌లెట్ వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ కూడా తగ్గుతుంది. ఫిట్టింగ్‌లో కొలిచిన అంకె దగ్గరుంటేనే ఈ పని చేయాలి. ఆ ఖాళీ అతి తక్కువగా ఉండేది ఫుల్ లిఫ్ట్ దగ్గర కాదు. ఇన్‌లెట్‌కి టీడీసీ తర్వాత సుమారు 10 డిగ్రీల దగ్గర, ఎక్జాస్ట్‌కి టీడీసీకి ముందు సుమారు 10 దగ్గర. ఇన్‌లెట్‌కి కనీసం 1.5 మి.మీ., వేడికి ఎక్కువ సాగే ఎక్జాస్ట్‌కి 2 మి.మీ. ఉంచడం మంచిది. బోల్టులు బిగించాక స్టార్టర్ జోలికి వెళ్లకుండా క్రాంక్‌ని స్పానర్‌తో రెండు చుట్లు తిప్పి చూడాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపేయాలి. బలవంతంగా తిప్పితే వాల్వ్ వంగుతుంది.

స్ప్రింగ్ లెక్క కూడా ఇలాంటిదే. ఈ ఇంజన్‌లో కంపెనీ స్ప్రింగ్ అమర్చిన ఎత్తు 34 మి.మీ., చుట్లు ఒకదానికొకటి అంటుకునేది 22.5 దగ్గర. మధ్యలో ఉన్నది 11.5. 10.2 లిఫ్ట్‌కి 1.3 మిగులుతుంది, సరిపోతుంది. 11.2కి మిగిలేది 0.3. అందుకే 280 కారుకి కొత్త స్ప్రింగులు, వాటిని పట్టి ఉంచే రిటైనర్లు కావలసివచ్చాయి. పాత క్యామ్‌నే సానపట్టి అమ్మేవాటిలో బేస్ సర్కిల్ (క్యామ్‌లో ఉబ్బు లేని గుండ్రటి భాగం) చిన్నదవుతుంది కాబట్టి ఆ మేరకు మందమైన షిమ్‌లు (వాల్వ్ ఖాళీని సర్దే చిన్న బిళ్లలు) దొరుకుతాయో లేదో కొనకముందే చూడాలి. కింది బలం కోసం హెడ్ చెక్కించి కంప్రెషన్ పెంచేవాళ్లుంటారు. హెడ్ కిందికి దిగితే వాల్వ్-పిస్టన్ ఖాళీ తగ్గుతుంది, బెల్ట్ ఇంజన్‌లో క్యామ్ టైమింగ్ కూడా వెనక్కి జరుగుతుంది. రెండూ మళ్లీ కొలవాలి.

దిగేటప్పుడు భయపెట్టింది బ్రేకు. పెడల్‌ని తేలిక చేసే బ్రేకు బూస్టర్ ఇంజన్ వాక్యూమ్‌తోనే పనిచేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ 300 మీటర్లకి దాదాపు ఒక అంగుళం చొప్పున వాక్యూమ్ తగ్గుతుంది. కింద 11 చూపించిన 280 కారు పైన 6 మాత్రమే చూపించింది. గేర్‌లో, థ్రాటిల్ మూసి దిగుతున్నంతసేపూ వాక్యూమ్ బాగానే వస్తుంది. క్లచ్ తొక్కి, ఇంజన్ ఐడిలింగ్‌కి పడ్డాక వెంటవెంటనే రెండుమూడు సార్లు బ్రేకు నొక్కితే పెడల్ రాయిలా అయిపోతుంది. గేర్‌లోనే దిగాలి. ఇలాంటి క్యామ్ వేసినవాళ్లు బూస్టర్‌కి వాక్యూమ్ ట్యాంకో, ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపో పెట్టించుకోవాలి.

రికార్డు తీసి చూస్తే రెండు కార్లూ ఎక్కువ సమయం గడిపింది 1,800, 3,500 ఆర్పీఎంల మధ్యే. ఆ మధ్యలో 280 ఎక్కడా గెలవలేదు. కంపెనీ ఇచ్చిన కంప్రెషన్, మ్యానిఫోల్డ్ అలాగే ఉన్న రోజువారీ బండికి 256 నుంచి 264 దాకా చాలు. వేరియబుల్ వాల్వ్ టైమింగ్ ఉన్న ఇంజన్ అయితే ఫేజర్ (నడుస్తుండగా క్యామ్ టైమింగ్ మార్చే భాగం) పూర్తిగా ముందుకు జరిగినప్పుడు వాల్వ్-పిస్టన్ ఖాళీ ఎంతో కొలిచాకే ఆర్డర్ పెట్టాలి.

తిరిగొచ్చాక ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి ఫీలర్ గేజ్‌తో ట్యాపెట్ క్లియరెన్స్ (క్యామ్‌కీ, వాల్వ్‌ని నొక్కే బకెట్‌కీ మధ్య ఖాళీ) చూడాలి. పెట్టినదానికంటే అన్నీ కొద్దిగా తగ్గితే వాల్వ్‌లు సీట్లలో కుదురుకున్నట్టు. షిమ్ మారిస్తే సరిపోతుంది. ఒక్కచోట మాత్రమే పెరిగితే అక్కడి లోబో (క్యామ్ మీది ఉబ్బు), దాని బకెట్టో అరుగుతోంది. క్యామ్ విప్పి లోబ్ మీద గీతలున్నాయేమో, ఆయిల్ ఫిల్టర్ కోసి లోపల లోహపు పొడి ఉందేమో చూడాలి.